ట్యాంకు కింద స్విచ్చి

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ వీధిలో అది ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ అతను చిల్లుల మేస్త్రే. ఎందుకంటారా? అతని చొక్కాలు చూస్తే మీరూ అదే పేరు పెట్టి ఉండేవారు. బ్యాటరీ ఆసిడ్ చుక్క బట్టమీద పడ్డప్పుడు ఏమీ కానట్టే ఉంటుంది. ఉతికిన రోజున ఆ మేర చిల్లుపడి ఊడివస్తుంది. ముప్పై ఏళ్ల పనిలో కడుపు దగ్గర చిల్లుల్లేని చొక్కా అతను తొడిగింది లేదు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "డైనమోతో అయిపోయిందిగా, ఇంకోటి కూడానా?" అనేవాడు.

రెండు భవనాల మధ్య మిగిలిపోయిన సందులో, మెట్లకింద అతని షాపు. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక గోడకి రాగితీగ చుట్టలు, ఇంకో గోడకి వైర్ల ముక్కలు, బల్లమీద విప్పి తుడిచి పెట్టిన డైనమోలు. కాళ్ల దగ్గర ఛార్జింగుకి పెట్టిన బ్యాటరీలు రోజంతా సన్నగా బుడగలు పోస్తూ ఉండేవి. ఆ వాసనకి కొత్తవాళ్లు దగ్గేవారు. అతనికి మాత్రం ఆదివారం ఆ వాసన లేకపోతే తలనొప్పి వచ్చేది.

కొత్త బండ్లు ముట్టుకునేవాడు కాదు. యాభై అరవై ఏళ్ల నాటి మోటారు సైకిళ్లు, ఇనుప ట్యాంకులు, కిక్కు రాడ్లు, అవే అతని లోకం. ముక్కుమీద కోపం. బ్యాటరీలో కుళాయి నీళ్లు పోసుకొచ్చినవాడి పని అయిపోయినట్టే. "నీ కడుపులో ఆసిడ్ పోస్తే ఎలా ఉంటుంది? దీనికీ అలాగే ఉంది. పో, ఆ మూల కూర్చో, నా కళ్లకి కనబడకు" అని కసిరేవాడు. తిట్టించుకున్నవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చేవారు. వేరే దిక్కు లేక కొందరు, ఆ చేతిమీద నమ్మకంతో మిగతావాళ్లు.

ఆ బండ్ల జబ్బేమిటో ఒక్క మాటలో చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. అవి పుట్టినప్పుడు రోడ్లు ఖాళీ. ఎక్కితే పది మైళ్లు ఆగకుండా పోవడమే. ఇంజను గట్టిగా తిరిగితేనే డైనమో బ్యాటరీకి కరెంటు పెడుతుంది. మరి ఇప్పుడు? వంద గజాలకో సిగ్నలు. అక్కడ బండి గుడగుడమంటూ నిలబడితే డైనమో పెట్టేది సున్నా. వండేవాళ్లు లేరు, తినేవాళ్లు మాత్రం కంచాల ముందు కూర్చునే ఉన్నారు. వెనక ఎర్రలైటు తింటుంది, బ్రేకు తొక్కితే వెలిగే లైటు ఇంకా తింటుంది, ఇంజనుకి నిప్పు అందించే కాయిలూ ఆ బ్యాటరీ మీదే బతుకుతుంది. హెడ్‌లైటు పక్కనున్న చిన్న మీటర్లో ముల్లు ఎడమ పక్కకి వాలిపోయి అలాగే ఉంటుంది. నాలుగు సిగ్నళ్లు దాటేసరికి బ్యాటరీ నీరసిస్తుంది. అయిదో సిగ్నలు దగ్గర బండి గుటుక్కుమంటుంది. వెనక హారన్లు, తిట్లు, ముందు కిక్కు రాడ్డు.

మేస్త్రికి ఈ లోకంలో ఉన్నది ఒక్క అక్క. అమ్మ పోయేనాటికి అతనికి ఏడేళ్లు, అక్కకి పదహారు. అతనికి స్నానాలు చేయించిందీ, బడికి తోలిందీ, బడి ఎగ్గొడితే గరిటె తిరగేసి వాయించిందీ అక్కే. పెళ్లయినప్పుడు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని కాపురానికి వెళ్లింది. బావ నోరు మెదపలేదు సరికదా, వచ్చిన మొదటి రోజే తన పాత బండి ముందు కూర్చోబెట్టి, "దీని కడుపులో ఏముందో చూద్దాం రా" అన్నాడు. ఆ బండి మీదే అతను పని నేర్చుకున్నాడు. బావ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. నెమ్మదైన మనిషి. ఎవరైనా గట్టిగా తుమ్మితే తనే క్షమించమనేవాడు.

ఆ బావకి అరవై దాటాక కుడి మోకాలికి ఆపరేషనయింది. డాక్టరు బండి మానేయమన్నాడు. బావ తలూపి ఇంటికొచ్చి బండి తుడుచుకున్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన మొండి. రోజూ ఇంటినుంచి దుకాణానికి పదకొండు సిగ్నళ్లు. ఎక్కడో ఒకచోట బండి చచ్చేది. వాచిన మోకాలితో నడిరోడ్డు మీద కిక్కు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడితే అక్క వేడినీళ్ల గుడ్డ పెట్టేది.

ఒక మధ్యాహ్నం అక్క షాపుకే వచ్చింది. ఆవిడ అంతదూరం రావడమే అరుదు. బల్లమీద కూర్చుని, చుట్టూ చూసి, "చెత్తకుండీలో కాపురం పెట్టావురా" అని, తర్వాత అసలు మాట చెప్పింది.

"మీ బావ చేత బండి మాన్పించడం నా వల్ల కాదు. నీ వల్లా కాదు. కనీసం అది దారిలో ఆగకుండా చెయ్యి. నిన్న చూశాను, మోకాలు కొబ్బరికాయంత అయింది. ఇంతమంది బండ్లు బాగుచేస్తావు, ఇంటి మనిషిది చెయ్యలేవా?"

ఆ మాట గుచ్చుకుంది. చేయలేవా అని మేస్త్రిని ఎవరూ అనలేదు ఇంతవరకూ.

అతను బావ బండి తెప్పించాడు. డైనమో విప్పాడు, తీగ కొత్తగా చుట్టాడు, బ్యాటరీ మార్చాడు. వారం బాగానే ఉంది. ఎనిమిదో రోజున మళ్లీ అయిదో సిగ్నలు. తప్పు బండిది కాదు, ఊరిది. డైనమోని ఎంత బాగుచేసినా నిలబడ్డప్పుడు అది పెట్టదు. ఇక పెట్టేది పెంచలేనప్పుడు తినేది తగ్గించాలి. రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని మేస్త్రి ఒక ఉపాయం కనిపెట్టాడు. పెట్రోలు ట్యాంకు కింద, ఎడమ చేతికి అందేలా, చిటికెన వేలంత స్విచ్చి బిగించాడు. పైకి అంటే మామూలే. కిందికి అంటే వెనక ఎర్రలైటూ, బ్రేకు లైటూ రెండూ ఆరిపోతాయి. ఆ మిగిలిన కరెంటంతా ఇంజనుకి.

నిజం చెప్పాలంటే వేరే దారి లేకపోలేదు. పై వీధిలో ఇంకో ఎలక్ట్రీషియను ఉన్నాడు. పాత బండ్లకి కొత్తరకం చిన్న బల్బులు పెట్టేవాడు. పాత బల్బు తాగే కరెంటులో పదో వంతు చాలు వాటికి. బావ ఆ సంగతి ఎక్కడో విని, నసుగుతూ అడిగాడు కూడా.

"ఆ చిన్న బల్బులేవో ఉన్నాయటగా. అవి పెడితే ఈ స్విచ్చి గొడవ ఉండదేమో?"

మేస్త్రికి ఒళ్లు మండింది. పై వీధివాడి మాట తన షాపులో, తన బావ నోట!

"బొమ్మలకి పెట్టే లైట్లు బావా అవి. ఈ బండికి అవి పెడితే దీని పరువేం కాను? నేను బతికుండగా పెట్టను."

బావ వెంటనే వెనక్కి తగ్గాడు. "సరే సరే, నీకే తెలుసు. కానీ ఒరేయ్, సిగ్నలు దగ్గర కిందికి, కదిలాక పైకి, ఇదంతా నాకు గుర్తుండి చస్తుందా? నేను మర్చిపోతాన్రా."

"అయితే కిందే ఉంచెయ్ బావా. ఊరంతా వీధి లైట్లున్నాయిగా, నువ్వు కనబడకపోతావా ఏంటి?"

ఆ మాటంటూ అతను స్పానరు తుడుస్తున్నాడు. మొహం ఎత్తి కూడా చూడలేదు. ఎవరింట్లోనైనా రోజుకి పది సార్లు అనుకునేలాంటి మాట.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. బావ పదకొండు సిగ్నళ్లూ దాటి, దుకాణం ముందు దిగి, నవ్వుతూ ఫోన్ చేసేవాడు. అక్క ఇంటికి పిలిచి కడుపునిండా పెట్టింది. "వాడి చేతిలో ఏదో ఉంది" అని పక్కింటావిడతో చెప్పడం అతను గుమ్మంలోంచి విన్నాడు. విని, ఛాతీ విరుచుకున్నాడు. ఎందుకు విరుచుకోడు? ఆ స్విచ్చి సంగతి పాత బండ్లవాళ్లలో పాకింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెట్టించుకున్నారు. మొత్తం ఇరవై ఆరు బండ్లు. అందరికీ అదే మాట చెప్పాడు, వీధి లైట్లున్నాయిగా అని.

ఒక రోజు సాయంత్రం, ఇంకా ఆరు కాలేదు. వానకి ముందు పెద్ద గాలి కొట్టింది. ఏవో తీగలు తెగాయి కాబోలు, పెద్దరోడ్డు పొడుగునా వీధి లైట్లు పోయాయి, సిగ్నళ్లు మాత్రం వెలుగుతున్నాయి. ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది. బావ నల్లటి వానకోటు వేసుకుని, ఎర్ర సిగ్నలు చూసి, పద్ధతిగా బండి ఆపి, బ్రేకు తొక్కి నిలబడ్డాడు. వెనక నుంచి ఒక బ్రెడ్డు వ్యాను వచ్చింది. మరీ వేగంగా కూడా రాలేదట.

షాపులో ఫోన్ మోగింది. బావ నంబరే. ఎత్తగానే ఎవరిదో గొంతు. "ఈ ఫోన్లో బామ్మర్ది అని ఉంది, మీరేనా?" మేస్త్రి షాపు అలాగే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తాడు.

అతను వెళ్లేసరికే అంతా అయిపోయింది. ఆసుపత్రి వరండాలో బెంచీమీద అక్క ఒక్కతే కూర్చుని ఉంది. చెప్పు ఒకటే ఉంది కాలికి. తమ్ముణ్ణి చూడగానే లేచి చొక్కా పట్టుకుని ఊపేసింది.

"వాడికి కళ్లు లేవట్రా? అంత మనిషి, అంత బండి, కనబడలేదా వాడికి?"

బావని తీసుకొచ్చిన టాక్సీ మనిషి తడి బట్టల్తో అక్కడే నిలబడి ఉన్నాడు. పాపం, మంచికే చెప్పబోయాడు. "వ్యాను డ్రైవరు మొత్తుకుంటున్నాడమ్మా. వెనక లైటు వెలగలేదంట. దగ్గరికొచ్చేదాకా కనబడలేదంట."

అక్క అతని మీదికి లేచింది. "లైటు వెలగలేదా? మా తమ్ముడు చూసుకునే బండయ్యా అది! ముప్పై ఏళ్లుగా వీడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు దానిమీద. వెలగని లైటుంటుందా అందులో? ఇడుగో, వీణ్ణే అడగండి!"

వరండాలో ఉన్నవాళ్లంతా మేస్త్రి వైపు చూశారు. అతను, లైటు వెలుగుతుందన్నట్టు, తల ఊపాడు.

అంతే. ఒక్క తలూపు. అక్కడే చెప్పేసి ఉంటే ఎలా ఉండేదో తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. కానీ ఆ పూట, ఒంటికాలి చెప్పుతో నిలబడ్డ ఆ మనిషికి, నీ మొగుణ్ణి చీకట్లో నిలబెట్టింది నేనే అని ఎలా చెప్తాడు? జైలంటే భయం లేదు అతనికి. అక్క మొహం ఎలా మారుతుందో, అదొక్కటే భయం.

నాలుగో రోజున కబురొచ్చింది. ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్లని తనిఖీ చేసే ఆఫీసులో ఇన్‌స్పెక్టరుకి ఈ పాత బండి తలాతోకా తెలియలేదు. ఎవరినో అడిగితే, ఊళ్లో వీటి సంగతి తెలిసినవాడు ఒక్కడే అన్నారట. అలా చిల్లుల మేస్త్రిని పిలిపించారు. చనిపోయినాయన తన బావ అని అతను చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

వెనక ఆవరణలో, నుజ్జయిన కార్ల మధ్య బావ బండి ఒరిగి ఉంది. వెనక మడ్‌గార్డు పక్కకి మడతపడింది. ఎర్ర అద్దం సగం పగిలింది. లోపల బల్బు మాత్రం, చిత్రం, చెక్కుచెదరలేదు. ఇన్‌స్పెక్టరు నెలల తరబడి నిద్రలేనివాడిలా ఉన్నాడు. కాగితాలు ఒక కారు బానెట్‌ మీద పరుచుకుని, తలెత్తకుండానే అన్నాడు.

"చూడవయ్యా మేస్త్రీ. బ్రేకులు, లైట్లు. పని చేస్తున్నాయా లేదా, అంతే కావాలి నాకు."

మేస్త్రి బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ట్యాంకు కింద చెయ్యి పెట్టాడు. స్విచ్చి కిందికే ఉంది. తను చెప్పిన మాట బావ విన్నాడు. మర్చిపోకుండా, పద్నాలుగు నెలలూ కిందే ఉంచాడు.

బ్యాటరీ చూస్తే నిండుగా ఉంది. ఉండదూ మరి? దాన్ని కాపాడటానికే కదా ఇదంతా. మనిషి పోయి నాలుగు రోజులైనా బ్యాటరీకి మాత్రం ఏ నీరసమూ లేదు.

ఇన్‌స్పెక్టరు ఇంకా రాస్తూనే ఉన్నాడు. మేస్త్రి వేలితో స్విచ్చి పైకి అన్నాడు. తాళం తిప్పాడు. పగిలిన అద్దం వెనక లైటు ఎర్రగా వెలిగింది. బ్రేకు తొక్కితే ఇంకా గట్టిగా వెలిగింది.

"వెలుగుతోంది సార్."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. "బాగానే వెలుగుతోందే. మరి ఆ డ్రైవరు అంతలా ఏడుస్తున్నాడేం?"

"ఏమో సార్."

"తాగి ఉన్నాడా అంటే లేడు. ఫోన్ చూశాడేమో వెధవ." కాగితం ఇటు తిప్పాడు. మేస్త్రి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత అతను షాపు తెరిచాడు గానీ పని సాగలేదు. బల్లముందు కూర్చుని ఒకే తీగని చుట్టడం, విప్పడం. అన్నం సహించడం మానేసింది. రోజూ అక్క ఇంటికి వెళ్లేవాడు. కక్కలేక మింగలేక కూర్చుని వచ్చేవాడు. అక్క ఆ డ్రైవర్ని శాపనార్థాలు పెట్టేది. అతను వినేవాడు. వాడు కుళ్లి చావాలి అని అక్క అన్నప్పుడల్లా, ఆ తిట్లు సరిగ్గా ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతున్నాయి, కాకపోతే ఆవిడకి ఆ సంగతి తెలియదు.

పదిహేడో రోజున షాపు ముందు ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో టిఫిన్ డబ్బా. బయట ఎండ గనక లోపలున్న మనిషిని పోల్చుకోవడానికి కళ్లు చిట్లించింది.

"పాత బండ్ల మేస్త్రి మీరేనా అన్నయ్యా? మా ఆయన బ్రెడ్డు వ్యాను నడుపుతాడు."

మేస్త్రి చుడుతున్న తీగని బల్లమీద పెట్టేశాడు.

"లోపలేశారు. ఇప్పుడే అన్నం ఇచ్చి వస్తున్నాను. తినడం లేదు. లైటు లేదే, లేదే, అని అదే మాట. ఆయన తప్పు చేస్తే నేనే చెప్పుతో కొట్టి ఒప్పించేదాన్ని. కానీ ఆ మనిషికి అబద్ధమాడటం రాదన్నయ్యా. ఎందుకూ పనికిరాడు ఆ విషయంలో. నా దగ్గర ఒక్క సిగరెట్టు కూడా దాచలేడు." కొంచెం నవ్వబోయి, మానేసింది. "లైటు వెలిగిందని కాగితం రాశారంట. ఆ బండ్లలో ఒక్కోసారి వెలిగి ఒక్కోసారి వెలగకుండా ఉంటుందా? అలా ఉంటుందని మీలాంటివాళ్లు ఒక్క మాట చెప్తే చాలంట. నాలుగు షాపులు తిరిగాను. అందరూ మీ దగ్గరికే పొమ్మన్నారు."

ఆ కాగితం కింద సంతకం ఎవరిదో ఆమెకి తెలియదు. "చూద్దాంలేమ్మా" అన్నాడు మేస్త్రి. ఎంత నీచమైన మాట! చూసేది ఏముంది అందులో? ఆమె మాత్రం ఆ మాటకే చేతులు జోడించింది. "చూడండన్నయ్యా. పిల్లలు నాన్న ఊరెళ్లాడనుకుంటున్నారు" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే అతను స్విచ్చి పెట్టిన బండ్లవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. రండి, దాన్ని తీసేస్తాను, ఊరికే తీసేస్తాను. కొందరు వస్తామన్నారు. ఒక రిటైరయిన మాస్టారయితే నవ్వేశాడు. "నీకు పిచ్చా? అది లేకపోతే బండి మళ్లీ సిగ్నలు దగ్గర చస్తుంది. నాకు బ్రహ్మాండంగా ఉంది, ఉండనీ." మేస్త్రి బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. మాస్టారు ఫోన్ పెట్టేశాడు.

పంతొమ్మిదో రోజు పొద్దున అతను అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ మంచంమీద బావ చొక్కాలు పోగుపెట్టుకుని గుండీలు సరిచూస్తోంది. ఎవరికైనా ఇచ్చేద్దామని. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏరా, అలా నిలబడ్డావు? తిన్నావా?"

"అక్కా, ఆ డ్రైవరు చెప్పింది నిజం."

గుండీ మీద వేలు ఆగింది.

చెప్పాడు. స్విచ్చి సంగతి, ఆవరణలో తను దాన్ని పైకి అన్న సంగతి, సంతకం సంగతి. ఎక్కడా ఏడవలేదు. ఏడిస్తే అక్క దగ్గరికి తీసుకుంటుందేమోనని భయం, అందుకు తగడు గనక. అంతా అయ్యాక అక్క చొక్కావైపే చూస్తూ అడిగింది.

"వేరే ఉపాయం లేదా దానికి?"

అబద్ధమాడటానికి అదే ఆఖరి సందు. లేదని ఒక్క మాట అంటే చాలు. ఏదో చేతనైన ఉపాయం చేస్తే అలా అయిందనుకునేది.

"ఉంది. చిన్న బల్బులున్నాయి. బావ అడిగాడు కూడా."

"ఆయన అడిగారా?"

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"నేను బతికుండగా పెట్టనన్నాను."

అక్క చొక్కా మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్లీ పెట్టింది. నేనే కదరా నిన్ను అడిగింది అంటుందేమో, తప్పులో ఒక పిసరు తన మీద వేసుకుంటుందేమో అని మేస్త్రి మనసులో ఒక మూల ఆశపడ్డాడు. సిగ్గులేని ఆశ. చిన్నప్పటినుంచీ అతని తప్పులన్నీ సగం ఆవిడే మోసింది మరి. ఆవిడ అలాంటిదేమీ అనలేదు.

"ఆ వ్యాను అబ్బాయి లోపలికి వెళ్లి ఎన్ని రోజులైంది?"

"పంతొమ్మిది."

"పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"పద" అంది.

బస్సులో ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. పక్కన ఖాళీ ఉన్నా ఆవిడ ముందుకి వెళ్లి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు మొదట నమ్మలేదు. ఆవరణలోకి వెళ్లి ట్యాంకు కింద చెయ్యి పెట్టి చూసి, స్విచ్చి పైకీ కిందికీ నాలుగుసార్లు అని చూసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రోజు సంతకం పెట్టినప్పుడు నీకు తెలుసా ఇది?"

"తెలుసు సార్."

"స్విచ్చి కిందికుంటే నువ్వే పైకి అన్నావు?"

"నేనే సార్."

"నీ నెత్తిమీదికి ఏం వస్తుందో తెలుసా? నా ఉద్యోగం సంగతి సరే, ఆ డ్రైవరు సంగతి? ఏ పాపం తెలియని మనిషిని మూడు వారాలు కూర్చోబెట్టావు కదయ్యా లోపల! ఎందుకు దాచావు?"

మేస్త్రి అక్కవైపు చూశాడు. జవాబు అక్కడే ఉంది. ఇన్‌స్పెక్టరు అతని చూపు పట్టుకుని అటు తిరిగాడు. అప్పటిదాకా ఆవిడ తలుపు పక్క కుర్చీలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీరు చనిపోయినాయన భార్య కదమ్మా. ఈయన్ని మీరే తీసుకొచ్చారా?"

"అవునండి."

"ఈయన మీకేమవుతారు?"

అక్క తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది. పొద్దున ఆ సంగతి విన్నప్పటినుంచీ చూడటం అదే మొదలు. ఆ చూపులో కోపం కూడా లేదు. కోపముంటే బాగుండుననిపించింది మేస్త్రికి.

"మా ఆయన బండి బాగుచేసే మెకానిక్కండి."

ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం తీసి, ఆ మాట అలాగే రాసుకుని, కలం ఆపి మేస్త్రివైపు తిరిగాడు.

"అంతేనా? చుట్టరికం ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. మళ్లీ ఇంకో అబద్ధం బయటపడితే నేనూరుకోను."

మేస్త్రి అక్క కోసం చూశాడు. ఆవిడ అప్పటికే లేచి, సంచి భుజానికి తగిలించుకుని, తలుపు దాటుతోంది.

"ఏమీ లేదు సార్" అన్నాడు.